కంకరరోడ్డు మీద శౌరయ్య సైకిలు

శౌరయ్య సైకిలెక్కి తొక్కగా ఎల్లమ్మ ఎన్నడూ చూళ్ళేదు.

గురజాల నుంచి కొండకింద మిషను దాకా ఎనిమిది మైళ్ళ కంకరరోడ్డు. ఆ రోడ్డుకి రాయి కొట్టిందీ, కొట్టిన రాయి కుప్పలు పోసిందీ ఎల్లమ్మా, ఆమెతోటి ఒడ్డెరవాళ్ళూ. ఒక మైలురాయి దగ్గర పని ముగిస్తే గుడిసెలు పీక్కుని ఇంకో మైలురాయి దగ్గర వేసుకునేవాళ్ళు. నాలుగేళ్ళుగా ఆమెకి పొద్దు పొడిచిందీ గుంకిందీ ఆ రోడ్డు మీదే. ఈలోగా యుద్ధమొచ్చి పెట్రోలు కరువైంది. రోజుకి రెండుసార్లు దుమ్ము లేపుకుంటూ పోయే బస్సు, వెనకాల బొగ్గుపొయ్యి తగిలించుకుని కొన్నాళ్ళు దగ్గుతూ మూలుగుతూ తిరిగి, చివరికి అదీ మానేసింది. ఇక ఆ దారిన పోయేవల్లా మేకల మందలూ, సంతరోజున నాలుగు ఎడ్లబండ్లూ, ఆదివారం తప్ప రోజూ శౌరయ్యా. అంత ఖాళీ రోడ్డు మీద ఎవరెట్లా పోతున్నారో రాళ్ళు కొట్టే మనిషికి తెలియకుండా ఉంటుందా?

శౌరయ్య మిషనుకి తపాలా మోసే మనిషి. పొద్దున్నే సంచీతో బయల్దేరి గురజాల పోస్టాఫీసుకొస్తాడు, ఉత్తరాలూ సామానూ తీసుకుని మళ్ళీ మిషనుకి పోతాడు. పనిలో పెట్టుకున్ననాడు ఫాదరుగారు వరండాలో ఉన్న సైకిలు చూపించి, తొక్కడం వచ్చునా అనడిగారు. రాదంటే పని పోద్దేమోనని, "బొడ్డు కోసినకాడ్నించీ తొక్కుతున్నానండీ" అన్నాడు శౌరయ్య. ఆ రోజే మూడో మైలు దిగుడులో సైకిలూ తనూ కలిసి బ్రహ్మజెముడు పొదలో పడ్డారు. ఎల్లమ్మ పోయి లేవదీసి, వీపున దిగిన ముళ్ళు పీకింది.

"ఏందబ్బాయ్, రాదా నీకు?"

"రాకేం అత్తా. సైకిలుకి అలుపొచ్చింది. కాసేపు నడిపిచ్చుకుపోతా."

ఆ సైకిలుకి నాలుగేళ్ళయినా అలుపు తీరలేదు. సంచీ క్యారేజీకి కట్టి, హాండిలు పట్టుకుని తోసుకుంటూ వచ్చేవాడు, తోసుకుంటూ పోయేవాడు. ఊరి మొగదలకి రాగానే ఒక కాలు పెడలు మీద ఆనించి, గంట గణగణ కొట్టుకుంటూ అప్పుడే దిగినవాడిలా దిగేవాడు.

ఎల్లమ్మ ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆమె కొడుకు పట్టాళంలో రోడ్లేసే పనికి అస్సాం పోయాడు. నెలకో రెణ్ణెల్లకో ఒక కార్డుముక్క వస్తుంది. దాన్ని పోస్టాఫీసు నుంచి తెచ్చి చదివిపెట్టేది శౌరయ్యే. నాలుగు గీతలున్న కార్డు చదవడానికి అతనికి చానాసేపు పట్టేది. ఇక్కడి జొన్నరొట్టె గుర్తొస్తందమ్మా అనీ, నీ చేతులు జాగ్రత్తమ్మా అనీ, చదివేకొద్దీ వచ్చేది. నాలుగు గీతల్లో అంత పట్టదని అక్షరం రాని ఎల్లమ్మకి కూడా తెలుసు. తెలిసే వినేది.

ఆ ఏడు సీతాఫలాలు దిగే రోజుల్లో, ఒక శనివారం మధ్యాహ్నం. ఒడ్డెరవాళ్ళ పని అప్పుడు ఊరి మొగదల్లో, నాగూర్ వలి టీ కొట్టు ముందే సాగుతోంది. ఎల్లమ్మ రాళ్ళకుప్ప పక్కన గోనెపట్టా వేసుకుని కూర్చుంది. వలి ఆమె సొంత రేకుముంతలో టీ పోసిచ్చాడు. కొట్టులో బల్ల మీద, ఊళ్ళోని మిషను బడి మేష్టరు రాజారత్నం కూర్చున్నాడు. ఆ రోజు ఒంటిపూట బడి. గుంటూరులో ట్రైనింగు చదివినవాడు, ఎవరు ఏం చెప్పినా లెక్క సరిచూసే అలవాటు.

శౌరయ్య గంట కొట్టుకుంటూ వచ్చి సైకిలు గుంజకి ఆనించాడు. జేబులోంచి కార్డు సగం తీసి ఎల్లమ్మకి చూపించాడు.

"వచ్చిందత్తా. టీ తాగి చదువుతా."

టీ గ్లాసు చేతిలో పడిందంటే శౌరయ్యకి ముందు కథ, తర్వాతే ఏదైనా.

"సాయిబూ, నిన్నగాక మొన్న ఏమైందో విన్నావా నువ్వు? వినుండవులే, నేను చెప్పందే నీకెట్టా తెలుస్తది. ఓడలు రాక పూజకి ద్రాక్షరసం దొరకట్లేదని మా ఫాదరుగారు కొండ వాలున ద్రాక్షతోట ఏయించాడు గదా, కొండ కొండంతా పందిళ్ళే—"

"రెండు పందిళ్ళు," అన్నాడు మేష్టరు. "నేను చూశా. ఒకదాన్ని మేకలు తిన్నయ్యి."

"మీరు చూసింది ఈ వైపు మేష్టారూ, కొండకి అవతలి వైపు ఉండదా? సరే, బుట్టెడు పళ్ళు కోసి, శౌరీ, ఇయ్యి మాచర్లలో రైలుకి ఎక్కిచ్చి గుంటూరు పంపిచ్చాలిరా అన్నాడు ఫాదరుగారు. ఎంతలే అనుకుని బుట్ట క్యారేజీకి కట్టా, ఎక్కా. తెల్లారగట్ట దారి, నరమానవుడు లేడు. ఎడమచేతి పక్క జొన్నచేలు, కంకుల మీద మంచు, పిట్టలింకా నిద్ర లేవలా. కుడిచేతి పక్క సీతాఫలం కొండలు, ఎండ ముందు కొండ నెత్తిన పడి, మెల్లగా మెడ కాడికి దిగి, అప్పుడు నీ మీదకొస్తది. చక్రం కింద కంకర గుసగుసలాడతా ఉంటది, ఇంకో శబ్దం లేదు. బస్సున్న రోజుల్లో ఆ దారికి ఆ చెవుల్లేవు సాయిబూ, పెట్రోలు పోయింతర్వాతే దారి మాట మనకి వినపడతంది."

ఎల్లమ్మ సుత్తి పక్కన పెట్టింది. ఈ ముక్క మాత్రం కోత కాదు. తొక్కేవాడికైతే కొండ మీద ఎండ దిగడం కనపడదు.

"మాచర్ల ఎన్నిటికి చేరావు?" అన్నాడు మేష్టరు.

"గంటలో."

"పన్నెండు మైళ్ళు, కంకరలో. సరే, గట్టిగా తొక్కితే కుదురుద్ది."

మేష్టరు ఒప్పుకునేసరికి శౌరయ్య బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

"చేరితే ఏమైందో తెలుసా? రైలు అప్పుడే వెళ్ళిపోయింది! తోక కూడా కనపడతల్లేదు, పొగ కనపడతంది. ఫాదరుగారి మాట పోవాల్నా? సైకిలు తిప్పా. రైలు పట్టాల మీద పోతంది, నేను పట్టాల పక్క కంకరలో పోతన్నా. రెంటచింతల దాటాక తోక దొరికింది. గార్డు చెయ్యూపాడు. నేనూ ఊపా. గురజాల వచ్చేసరికి ఇంజను పక్కనున్నా. డ్రైవరు బొగ్గేసేవాణ్ణి తిడతన్నాడు, ఒరేయ్, ఇంకో రెండు పారలెయ్యరా, సైకిలోడు దాటిపోతన్నాడు, పరువు పోద్ది అని. ఆగానా? దాటిపోయా. అప్పుడు డ్రైవరు తల బయట పెట్టి, అబ్బాయ్, ఎట్టాగూ ముందు పోతన్నావుగా, నేను వెనకాల వస్తన్నానని నడికుడి స్టేషను మాస్టరుకి చెప్పి పో అన్నాడు."

"యా అల్లా," అన్నాడు వలి, టీ వడపోస్తూ. "మరి బుట్ట రైల్లో పెట్టలా?"

"అదే గదా చెప్పబొయ్యేది! నడికుడిలో దిగి బుట్ట మీద ఆకు తీసి చూద్దును గదా, ద్రాక్షపళ్ళు లేవు. గాలి వేగానికి ఎండి మొత్తం కిస్మిస్సయి కూర్చున్నయ్యి."

వలి పకపకా నవ్వాడు. మేష్టరు కూడా నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టాడు. ఎల్లమ్మ ముంత మాటున నవ్వుకుంది.

అప్పుడే ఒక మనిషి రోడ్డు మీంచి కుంటుకుంటూ వచ్చి కొట్టు గుంజ పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా దుమ్ము, ఒక పాదానికి గుడ్డపీలిక కట్టుకున్నాడు, దాని మీద నెత్తురు మరక. నీళ్ళడిగి తాగాడు. కృష్ణ ఒడ్డున రేవులపాడట, పేరు రోశయ్యట, ఆసుపత్రికొచ్చాడట. అంతవరకూ చెప్పి, శౌరయ్య ముఖం వంకే చూస్తూ కింద కూలబడ్డాడు.

కొత్త చెవి దొరికిందని శౌరయ్య గొంతు ఇంకో మెట్టెక్కింది.

"ఆ తర్వాతేమైందో తెలుసా? నడికుడి నుంచి ఏటికి దిగుడు. బ్రేకు పట్టా. రబ్బరు కరిగి కారిపోయింది. చక్రం కింద కంకర నిప్పులు రాలి పక్కన గడ్డి అంటుకుంది. ఎదురుగా కృష్ణ, రెండు గట్లూ ఒరుసుకుని పోతంది. ఆగితే గదా మునిగేది! నీళ్ళకి నేనొస్తన్నట్టు తెలిసేలోపు అవతలి గట్టున ఉన్నా. టైరు సగం తడిసింది, అంతే. ఆడ నైజాం నాకా. జవాన్లు అడ్డమొచ్చి, కిస్మిస్ తెచ్చావు, సుంకం కట్టు అన్నారు. ద్రాక్షపళ్ళుగా బయల్దేరినయ్యి, కిస్మిస్సని నాకే ఇప్పుడు తెలిసింది, దీనికి సుంకమేందయ్యా అన్నా. వాళ్ళు రసీదు పుస్తకం కోసం లోపలికి పోయి వచ్చేసరికి నేను ఇవతలి గట్టున, ఇంటిదారిలో ఉన్నా. కానీ ఒకటి పొరపాటైంది సాయిబూ. నేనొచ్చా గానీ నా నీడ రాలా."

"నీడ రాలేదా?"

"అంత జోరు దానికెక్కడిది? వెనకబడింది. జవాన్లు దాన్ని పట్టుకుని నాకా గుంజకి కట్టేశారు. మధ్యాహ్నం దాకా నీడ లేకుండానే తిరిగా. మా ఫాదరుగారు చూసి, ఏరా శౌరీ, కిందేదో తక్కువైందే అన్నాడు. మళ్ళీ పోయి, కాళ్ళావేళ్ళా పడి విడిపిచ్చుకొచ్చా. ఇదుగో, ఇప్పటికీ ఎడమ పక్క కొంచెం నలిగుంటది, చూడండి."

వలి వంగి నిజంగానే నీడ వంక చూశాడు. మేష్టరు కళ్ళు తుడుచుకుంటున్నాడు. రోశయ్య మాత్రం నవ్వలేదు.

"బాబూ," అన్నాడు. "మా ఊరు ఈణ్ణించి పధ్నాలుగు మైళ్ళు. నీ సైకిలుకి ఎంతసేపు?"

శౌరయ్య ఇంకా నాకా దగ్గరే ఉన్నాడు. "పధ్నాలుగా? ఈ టీ చల్లారేలోపు పోయి, నీళ్ళు తాగి, తిరిగొస్తా."

రోశయ్య మొలలోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. మోకాళ్ళ మీద జరుక్కుంటూ వచ్చి శౌరయ్య చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూశాడు.

"అయితే నా బిడ్డ బతుకుద్ది. కొయినా బిళ్ళలు బాబూ. యుద్ధంలో ఎక్కడా దొరకట్లేదు, కాంపౌండరు కాళ్ళు పట్టుకుంటే నాలుగిచ్చాడు. పిల్లకి మూడ్రోజుల్నుంచి చలిజ్వరం, నిన్న సాయంత్రం కళ్ళు తేలేసింది. ఇయాళ పొద్దుగుంకేలోపు ఒక బిళ్ళ పడాలన్నాడు, మళ్ళీ నిన్నటి మాదిరి వస్తే తట్టుకోలేదన్నాడు. నా కాలు చూడు, నేను పొయ్యేసరికి అర్ధరాత్రవుద్ది. వాగులో బండ్లు దిగవు. నువ్వైతే సైకిలు భుజానేసుకుని దాటొచ్చు."

కొట్టులో నవ్వు ఆగిపోయింది. వలి దగ్గరున్న గడియారంలో రెండున్నర దాటింది.

శౌరయ్య చేతిలో పొట్లం వంక చూశాడు. అతని ముఖంలో నెత్తురు దిగిపోవడం ఎల్లమ్మ చూసింది. చెబుతాడులే, ఇప్పుడు చెబుతాడు అనుకుంది. అతను నోరు తెరిచాడు కూడా. కానీ, "పోతా" అన్నాడు. లేచి, సైకిలు గుంజ నుంచి తీసి, హాండిలు పట్టుకుని రోడ్డు మీదికి నడిపించాడు.

ఎల్లమ్మకి అర్థమైంది. మలుపు తిరిగేదాకా తోసుకుపోతాడు. ఆ తర్వాత సైకిలు పొదల్లో పారేసి పరుగెత్తుతాడు. ఊపిరి పోయినా ఆగడు, ఆ మనిషి అట్లాంటివాడే. కానీ పధ్నాలుగు మైళ్ళు, మధ్యలో వాగు. ఎంత పరుగెత్తినా పొద్దుగుంకి దీపాలు పెట్టాకే చేరతాడు. బిడ్డకి అప్పటికి చలి రానే వస్తుంది.

కార్డు ఇంకా అతని జేబులోనే ఉంది. ఆ సంగతి కూడా ఆమెకి గుర్తుంది.

"ఆగబ్బాయ్," అంది ఎల్లమ్మ లేచి నిలబడి. మేష్టరు వైపు తిరిగింది. "మేష్టారూ, నీకు సైకిలొచ్చుగా. నువ్వెక్కు. అతనికి రాదు."

"ఎవరికి రాదు?"

"శౌరయ్యకి. నాలుగేళ్ళ నుంచి చూస్తన్నా. తోసుకుంటా వస్తాడు, తోసుకుంటా పోతాడు. ఆ సీటు మీద కూర్చోగా నేను ఒక్కనాడు చూళ్ళా."

వలి కొట్టు దిగి వచ్చి సైకిలు సీటు మీద చెయ్యి పెట్టాడు. నాలుగేళ్ళ సైకిలు. టైర్లు అరిగి నూలు తేలినయ్యి. హాండిలు పిడులు నున్నగా అరిగినయ్యి. సీటు తోలు మీద మాత్రం కంపెనీవాళ్ళు వేసిన ముద్ర ఇంకా చెరగలేదు.

"శౌరీ?" అన్నాడు వలి.

శౌరయ్య తలెత్తలేదు. "రాదు సాయిబూ," అన్నాడు.

రోశయ్య అందరి ముఖాలూ చూశాడు. శౌరయ్య వంగి తపాలా సంచీ తాళ్ళు విప్పాడు. ముడులు గబగబా వచ్చినయ్యి. పొట్లం మేష్టరు చేతిలో పెట్టి, "వాగు దగ్గర కుడిచేతి పక్క దిగండి, ఎడమ పక్క గుండమేనండీ. ఆరో మైలు దగ్గర కొత్త కంకర, ఇంకా అణగలా, అంచునే పోండి. నాలుగో మైలు కాణ్ణించి ఎదురుగాలి," అన్నాడు. తొక్కడం తప్ప ఆ దారుల సంగతులన్నీ అతనికి తెలుసు.

మేష్టరు పంచె ఎగ్గట్టి ఎక్కాడు. రోశయ్యని క్యారేజీ మీద కూర్చోబెట్టారు. సైకిలు రెండుసార్లు అటూ ఇటూ తూలి, తిన్నగా సాగిపోయింది. గంట మోగలేదు.

శౌరయ్య సంచీ భుజానికెత్తుకుని మిషను దారి పట్టాడు. ఎల్లమ్మ వంక చూడలేదు. సైకిలు లేకపోయేసరికి నడక చానా జోరుగా ఉంది. ఆమె చూస్తుండగానే మైలురాయి దాటి, చిన్నవాడై, సీతాఫలం చెట్ల మాటున కనపడకుండా పోయాడు.

ఆదివారం తపాలా లేదు. ఎల్లమ్మకి ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. నాలుగేళ్ళుగా దాచిన మాట నలుగురిలో అనేసింది. అనకుండా ఉంటే ఏమయ్యేదో కూడా తెలుసు. తప్పు చేశాననుకోలేదు గానీ, కార్డు గుర్తొచ్చినప్పుడల్లా సుత్తి దెబ్బ పక్కకి పోతోంది.

సోమవారం పొద్దెక్కాక శౌరయ్య వచ్చాడు. సైకిలు ఉంది, తోసుకుంటూనే వచ్చాడు. ఈసారి మొగదల్లో కాలు పెడలు మీద పెట్టలేదు, గంట కొట్టలేదు. తిన్నగా రాళ్ళకుప్ప దగ్గరికొచ్చి గోనెపట్టా అంచున కూర్చున్నాడు.

"పిల్లకి నయమేనంటత్తా. పొద్దు చెట్ల మీద ఉండగానే బిళ్ళ పడిందంట. రాత్రి చలి వచ్చింది గానీ తేలిగ్గా పోయిందంట. మేష్టరుగారు నిన్న సైకిలు తెచ్చిచ్చి చెప్పారు."

"మీ ఫాదరుగారికి తెలిసిందా?"

"నేనే చెప్పా. మరి రోజూ పొద్దుగుంకేలోపు ఉత్తరాలు ఎట్టా వచ్చేయిరా అనడిగాడు. నడిచండీ అన్నా. ఆదివారాలు మేష్టరు పూజకొచ్చినప్పుడు ఆయన దగ్గర తొక్కడం నేర్చుకో అన్నాడు, అంతే."

కార్డు తీసి చదివాడు. క్షేమం. పని ఎక్కువగా ఉంది. వానలు తగ్గాయి. అందరినీ అడిగానని చెప్పగలరు. నాలుగు ముక్కల్లో అయిపోయింది. కార్డు మడిచి ఇవ్వబోయాడు.

"అంతేనా?" అంది ఎల్లమ్మ.

"అంతే రాశాడత్తా."

"ఇంకా ఏదో రాసుంటాడు. సరిగ్గా చూడు."

శౌరయ్య ఆమె ముఖం వంక చూశాడు. కార్డు మళ్ళీ విప్పాడు. గొంతు సవరించుకుని, "అమ్మా, ఇక్కడ కొండలు చూస్తే మన కొండలే గుర్తొస్తన్నయ్యి," అని మెల్లగా మొదలుపెట్టాడు. ఎల్లమ్మ సుత్తి పక్కన పెట్టి, చీరకొంగుతో చేతులు తుడుచుకుని విన్నది.

పదిహేను రోజులు గడిచాయి. ఈ పదిహేను రోజులూ శౌరయ్య వలి కొట్టులో టీ తాగాడు, నోరు విప్పలేదు. వలికి బేరాలున్నా కొట్టు బోసిగా అనిపించింది. చివరికి ఒకనాడు తనే కదిలించాడు.

"ఏందయ్యా శౌరీ, నోరు కుట్టేశారా? ఏదన్నా చెప్పు."

"ఏం చెప్పను సాయిబూ. సైకిలింకా సగమే వచ్చింది. నడక సంగతి చెప్పమంటే చెప్తా." చేతిలో గ్లాసు తిప్పాడు. "రోజుకి పదహారు మైళ్ళు నడిచా. ఉత్తినే గాదు, మణుగు బరువు సంచీతో సైకిలు తోసుకుంటా. నాలుగేళ్ళు. ఒక్కరోజు మానలా."

మేష్టరు మనసులో లెక్క వేసుకున్నాడు. వేసుకుని, తల అడ్డంగా ఊపాడు. "ఆదివారాలు తీసేసినా ఇరవై వేల మైళ్ళవుద్దయ్యా! ఇంకో ఐదు వేలైతే భూగోళం చుట్టొచ్చినట్టే. మళ్ళీ మొదలుపెట్టావా?"

"మొన్నటి నీడ కథే నయం," అన్నాడు వలి. "అది నమ్మినా నమ్మొచ్చు."

ఇద్దరూ నవ్వుతూ రోడ్డు వైపు తిరిగారు. ఇప్పుడు శౌరయ్య మాటకి సాక్ష్యం ఎక్కడుందో వాళ్ళకి తెలుసు.

"ఏం ఎల్లమ్మా," అనడిగాడు మేష్టరు, "నిజమేనా ఇది?"

ఎల్లమ్మ కాలి కింద రాయి సరిచేసుకుంది.

"యాడ నిజం," అంది. "పోయినేడు వానల్లో వాగు పొంగి రోడ్డు తెగినప్పుడు నెల్లాళ్ళు కొండ చుట్టూ తిరిగి, సైకిలు నెత్తిన పెట్టుకుని పొయ్యాడు. అది కలపలా. తగ్గిచ్చి చెప్తన్నాడు."